కత్తెరతో కొలిచిన కొట్టు

మా పెద్దకోడలికి ఒళ్ళంతా కళ్ళే. ఆ కళ్ళన్నీ ఒకే మనిషి మీద ఉంటాయి. ఆ మనిషి ఆమె తోడికోడలు. ఇద్దరూ కలిసి ఒక కుట్టు కొట్టు నడుపుతారు, ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకుంటారు. "మా పెద్దకోడలు" అన్నాను కదా అని నాకు కోడలనుకునేరు. నేను ఆ కొట్టులో కాజాలు, గుండీలు కుట్టేదాన్ని. వాళ్ళ అత్తగారు బతికున్న రోజుల్లో కోడళ్ళను ఏనాడూ పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. పెద్దకోడలు, చిన్నకోడలు, అంతే. ఆవిడ పోయినా ఆ పిలుపులు పోలేదు. బట్టలివ్వడానికి వచ్చేవాళ్ళు కూడా అలాగే అంటారు. నన్ను కాజాల పిన్ని అంటారు.

అత్తగారు గట్టి మనిషి. చేతులు వణకడం మొదలయ్యాక ఒకరోజు ఇద్దరినీ నిలబెట్టి, కత్తెర పెద్దకోడలి చేతిలో పెట్టింది, టేపు చిన్నకోడలి మెడలో వేసింది. "ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టారంటే కొట్టు కొట్టుకుపోతుంది" అంది. అప్పటి నుంచి అదే ఆ కొట్టు పద్ధతి. చిన్నకోడలు కొలిచి అంకె పైకి చెబుతుంది. పెద్దకోడలు ఆ అంకె విని సుద్దతో గుడ్డ మీదే గుర్తు పెట్టుకుని కోస్తుంది. పుస్తకంలో రాసుకోవడం లేదు. అత్తగారికి పుస్తకాల మీద నమ్మకం ఉండేది కాదు.

మా పాత కొట్టు మేడ మీద ఒకటే గది. కిటికీ ఒకటే, అదీ వెనకవైపు. వెలుతురు అక్కడే కాబట్టి కటింగ్ బల్ల కిటికీకి ఆనించి ఉండేది. అందువల్ల పెద్దకోడలు రోజంతా జనానికి వీపు చూపించి నిలబడేది. ఊళ్ళో సగంమందికి ఆమె కోసిన బట్టలున్నాయి. ఆమె ముఖం ఎలా ఉంటుందో పదిమందికి కూడా తెలియదు. గొంతును బట్టి, అంకెలను బట్టి ఆమె మనుషులను గుర్తుపట్టేది. "నడుము పెరిగింది, ఆ బడి పంతులమ్మేనా?" అని గోడతో మాట్లాడినట్టు అడిగేది.

గుమ్మం దగ్గర మాత్రం తిరునాళ్ళే. చిన్నకోడలి నోరు అలాంటిది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ పిల్లకు ఊరేం ఖర్మ, ఊరి చుట్టుపక్కల కూడా మంచివే. వచ్చినవాళ్ళను నిలబెట్టి, మెడలోంచి టేపు తీసి, ఏదో ఒక మాట అనేది. వాళ్ళు పకపకా నవ్వేవాళ్ళు. ఆ నవ్వుల మధ్యలో అంకెలు వినబడేవి. "ఛాతీ ముప్పై ఎనిమిదక్కా!" మళ్ళీ నవ్వు. "నడుము ముప్పై నాలుగు!" మళ్ళీ నవ్వు.

ఆ నవ్వు వినబడినప్పుడల్లా పెద్దకోడలి కత్తెర ఒక్క క్షణం ఆగేది. మిషన్లు తొక్కే పనివాళ్ళు ముగ్గురున్నా, ఆ చప్పుడులో వాళ్ళకు తెలిసేది కాదు. నాకు తెలిసేది. నా చేతిలో ఉండేది సూది, దానికి చప్పుడు లేదు కదా, అందుకని నా చెవులు ఖాళీగా ఉండేవి.

ఆమె కుళ్ళంతా నా దగ్గరే వెళ్ళగక్కుకునేది. నాకు చెబితే గోడకు చెప్పినట్టేనని ఆమె నమ్మకం. పాపం, గోడలు ఇలా రాయవు.

"చూశావా పిన్నీ, ఆ డాక్టరమ్మ వాళ్ళ తోటలో కాసిన పళ్ళు బుట్టతో తెచ్చిందిట. ఎవరికిచ్చింది? దానికి."

"చిన్నది ఇంటికి తెచ్చింది కదమ్మా, అందరూ తిన్నారు."

"తినడం కాదు పిన్నీ. చేతికివ్వడం. ఆవిడ గౌను చంక దగ్గర ముడత పడకుండా నేనెంత అవస్థ పడ్డానో ఆ డాక్టరమ్మకు తెలుసా? కోసేది నేను, కూసేది అది. సొమ్మొకరిది, సోకొకరిది."

పళ్ళతో ఆగితే బాగుండేది. ఎప్పుడూ మా దగ్గరే కుట్టించుకునే ఒకావిడ వాళ్ళమ్మాయి పెళ్ళికి చిన్నకోడలిని పిలిచి, కటింగ్ బల్ల వైపు చూసి "ఆవిడను కూడా తీసుకురా అమ్మా" అందట. ఆ "ఆవిడను కూడా" అన్న మాటను పెద్దకోడలు ఏడాది పొడుగునా నమిలింది. పెళ్ళికి వెళ్ళలేదు. చిన్నకోడలు వెళ్ళి వచ్చి, పెళ్ళికూతురి గౌను గురించి చెబుతుంటే, తలనొప్పని లోపలికి పోయి పడుకుంది. ఆ గౌను కోసింది తనే. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని ఊరికే అనలేదు పెద్దలు. మా పెద్దకోడలిని అత్త కొట్టనైనా లేదు.

ఈ కుళ్ళు అత్తవారింట పుట్టింది కాదని నా అనుమానం. పుట్టింట్లో ఆమె రెండో కూతురు. ఊహ తెలిసిన దగ్గర నుంచి అక్క విడిచిన గౌన్లే ఒంటి మీద. అక్క లావు, ఈమె పుల్ల. ఒకనాడు వాళ్ళమ్మ లేనప్పుడు అక్క గౌను కత్తిరించి తన ఒంటికి సరిపోయేట్టు కుట్టుకుందట. చీవాట్లు తిన్నది కానీ వీధిలో అందరూ ఆగి చూశారట. "ఆ ఒక్కరోజే పిన్నీ, నన్ను ఆగి చూశారు" అని చెప్పేది. కత్తెర పట్టడం ఆమెకు ఎవరూ నేర్పలేదు. కడుపుమంట నేర్పింది. ఆమె మొగుడు బస్సు నడుపుతాడు. ఆ మనిషి రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ. అందులో రెండు హారనే.

ఇలా ఉండగా మేడ యజమాని వచ్చి, భవనం పడగొట్టి కొత్తది కడతాను, నెలాఖరులోగా ఖాళీ చెయ్యమన్నాడు. చిన్నకోడలు బడి యూనిఫారాల కొలతల్లో తలమునకలుగా ఉంది. "నువ్వే చూడక్కా, నీకు నచ్చితే నాకు నచ్చినట్టే" అంది. పెద్దకోడలు కొట్లు వెతకడానికి బయలుదేరింది. తోడుగా నన్ను తిప్పింది. నా మోకాళ్ళ సంగతి అడగకండి.

ఎన్నో చూశాం. ఒకటి చీకటి, ఒకటి చెమ్మ, ఒకదాని పక్కనే కోళ్ళ అంగడి. చివరికి పెద్ద రోడ్డు మీద ఒకటి దొరికింది. కింద గదే, మెట్లు లేవు. రోడ్డు వైపు గోడకు బదులు నిలువెత్తు అద్దం. దాని వెనక పెద్ద గది. ఆ వెనక ఇంకో చిన్న గది, కిటికీ లేనిది. రెండింటికీ మధ్య చెక్క గోడ, దానికో తలుపు. ఇదివరకు అద్దెకున్నవాళ్ళు కట్టించుకున్నదట.

పెద్దకోడలు అద్దం ముందు నిలబడిపోయింది. రోడ్డు మీద పోయేవాళ్ళు లోపలికి చూస్తూ పోతున్నారు. ఒకాయన అద్దంలో తల దువ్వుకున్నాడు. ఆ తరవాత ఆమె వెనక్కి తిరిగి చెక్క గోడను చూసింది. ఆ చూపు చూసి నాకు సంగతి అర్థమైపోయింది.

"కటింగ్ బల్ల ఇక్కడ, అద్దం దగ్గర" అంది.

"మరి చిన్నదెక్కడ కొలుస్తుంది?"

"లోపల. ఆడవాళ్ళు కొలతలిచ్చేది నలుగురూ చూసే చోటా పిన్నీ? మర్యాదగా ఉంటుంది."

మర్యాద! ఇన్నేళ్ళు గుమ్మం దగ్గర కొలిచినప్పుడు గుర్తురాని మర్యాద ఇప్పుడు చెక్క గోడను చూడగానే వచ్చింది. కానీ ఆమె ముఖం ఆ వేళ ఎంత వెలిగిపోతోందంటే, ఆ మాట పైకి అనబుద్ధి కాలేదు.

ఇక మొదలైంది ప్రణాళిక. ఏ సామాను ఎక్కడ పట్టేదీ కొలవాలి. కొలవాలంటే టేపు కావాలి. టేపు చిన్నకోడలిది. అడిగితే చచ్చిపోదు. కానీ ఆమె అడగదు. కత్తెరతో కొలిచింది. పెద్ద కత్తెరను నేల మీద పరిచి, కొన దగ్గర సుద్దతో గీత పెట్టి, మళ్ళీ ముందుకు జరిపి, అలా పాకుతూ కొట్టు మొత్తం కొలిచింది. పాత కొట్టులో బల్లలనూ మిషన్లనూ అలాగే కొలిచింది. "గోడ పొడుగు పద్దెనిమిది కత్తెరలు పిన్నీ, గుర్తుపెట్టుకో" అనేది. భూమ్మీద ఇలా కొలిచిన కొట్టు ఇంకోటి ఉండదు.

ఆ కొలతలతో ఖాకీ కాగితాల్లో నమూనాలు కోసింది. మేం బట్టలకు కోస్తాం చూడండి, భుజానికో కాగితం, చేతికో కాగితం, అలా. ఇది కటింగ్ బల్ల, ఇది ఇస్త్రీ బల్ల, ఇవి మూడు మిషన్లు, ఇది బట్టల బీరువా, ఇది నా ముక్కాలిపీట. అన్నీ అసలు సైజులో. వాటిని కొత్త కొట్టు నేల మీద పరిచి, మోకాళ్ళ మీద కూర్చుని అటూ ఇటూ జరిపింది. గుడ్డ మీద నమూనాలు సర్దినట్టే సర్దింది. ఒకదాని వంపులో ఇంకొకటి, దాని మూలలో మరొకటి, అంగుళం వృథా కాకుండా. నా ముక్కాలిపీటను రెండు మిషన్ల మధ్య ఇరికించింది. అంతా అయ్యాక లేచి, నడుం మీద చెయ్యి వేసుకుని చూసుకుంది.

"ఎంత మిగిలిందో చూడు పిన్నీ! సగం గది మిగిలింది."

నాకూ బ్రహ్మాండంగానే కనిపించింది. బట్టలు కుట్టే కళ్ళే కదా నావీ.

మర్నాడు చిన్నకోడలిని తీసుకొచ్చి చూపించాం. ఆ పిల్ల గుమ్మంలోనే చెప్పులు విడిచి, కాగితాల వంక చూస్తూ నిలబడింది. ఆమె మెచ్చుకోవాలని పెద్దకోడలికి లేదు. కుమిలిపోవాలని ఉంది. లోపల గదిలో తన చోటు చూసి, ముఖం మాడ్చుకుని, "ఇదేంటక్కా" అని ఏడుపు గొంతుతో అంటే చాలు, ఇన్నేళ్ళ మంట చల్లారేది. అందుకోసం ఆ ముఖం వైపే చూస్తూ నిలబడింది.

"చాలా బాగుందక్కా" అంది చిన్నకోడలు. తరవాత అమాయకంగా అడిగింది. "మరి మనుషులు ఎక్కడ నడుస్తారు?"

ఇద్దరం కిందికి చూశాం. కాగితాలు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. గుమ్మం నుంచి లోపల గదికి పోవాలంటే బీరువా ఎక్కి, ఇస్త్రీ బల్ల మీదుగా దిగాలి. నేను నా పీట మీద కూర్చోవాలంటే పుట్టుకతోనే అక్కడ ఉండి ఉండాలి. గుడ్డ ఆదా చేసినట్టు నేల ఆదా చేశాం మేం. కుట్టుకు వదలాలని గుర్తున్నవాళ్ళం కాలికి వదలడం మరిచిపోయాం.

నేను పడీపడీ నవ్వాను. చిన్నకోడలు నవ్వు ఆపుకోవడానికి రుమాలు నోట్లో కుక్కుకుంది. పెద్దకోడలు నవ్వలేదు. ముఖం ఎర్రగా కందిపోయింది. "నాకు తెలుసు, అది తరవాత సర్దుదామనుకున్నా" అని గబగబా వంగి కాగితాలు లాగేసింది. దారికి జాగా కావాలి. ఆ జాగా ఎక్కడి నుంచి తెచ్చింది? కటింగ్ బల్లను అంగుళం కదపలేదు. బీరువా లోపల గదిలోకి, ఇస్త్రీ బల్ల లోపల గదిలోకి తోసింది. అవి పోగా అక్కడ మిగిలింది ఒక పేలికంత చోటు. మనిషి చేతులు చాపితే ఒకవైపు గోడ, ఒకవైపు బీరువా తగులుతాయి.

చిన్నకోడలు వెళ్ళి ఆ పేలికలో నిలబడింది. అక్కడి నుంచి పిలిచింది. "ఛాతీ ముప్పై ఆరు! వినిపిస్తోందా అక్కా?"

చెక్క గోడ వెనక నుంచి ఏదో గొణుగుడు వచ్చింది. నాకైతే ఒక్క ముక్క అర్థం కాలేదు.

"బ్రహ్మాండంగా వినిపిస్తోంది" అని అరిచింది పెద్దకోడలు.

ఆ పిల్ల బయటికి వచ్చి "సరే అయితే" అని చెప్పులు తొడుక్కుంది. కన్నీళ్ళు లేవు, కినుక లేదు. ఆ శాంతం చూసి పెద్దకోడలికి ఇంకా మండింది. "చూశావా పిన్నీ, ఎంత పొగరో! ఏడవను కూడా ఏడవదు."

కొట్టు మారడానికి పది రోజులు ఉన్నాయనగా చిన్నకోడలి కొడుక్కి జ్వరం వచ్చింది. ఆమె ఇంటి దగ్గర ఉండిపోయింది. టేపు మేకుకు తగిలించి ఉంది. ఆ పూటే బ్యాంకు మేడం వచ్చింది. ఆవిడకు ఏదో సభలో వేదిక మీద మాట్లాడే పని పడిందట, కొత్త కోటు కావాలి, తొందరగా కావాలి.

"చిన్నకోడలు లేదా? పోనీ రేపొస్తాను" అందావిడ.

ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది. పెద్దకోడలు కత్తెర బల్ల మీద పెట్టింది. తిన్నగా మేకు దగ్గరికి పోయి టేపు తీసింది. నేను సూది ఆపి చూశాను.

"అత్తగారి మాట..." అన్నాను.

"టేపేమన్నా మంత్రదండమా పిన్నీ? అంకెలు నాకూ వచ్చు."

కొలిచింది. ఎంతో శ్రద్ధగా, ఒక్క మాట మాట్లాడకుండా కొలిచింది. బ్యాంకు మేడం కర్రలా నిలబడింది. తనే కొలిచి, తనే కోసి, తనే దగ్గరుండి కుట్టించింది. అంత అందంగా కోసిన కోటు నేను చూడలేదు, నిజం చెప్పొద్దూ. మంచి కాజాలు కుట్టాను దానికి.

కోటు వేసి చూసుకోవడానికి ఆవిడ వచ్చేసరికి చిన్నకోడలు కూడా వచ్చేసింది. కోటు భుజం మీద అమిరింది, చెయ్యి అమిరింది. గుండీ పెట్టుకోబోతే పొట్ట దగ్గర అందలేదు. గట్టిగా లాగి పెట్టుకుంది. ఊపిరి వదిలింది. గుండీ టప్పున ఊడి వచ్చి నా కాళ్ళ దగ్గర పడింది. నా గుండీ!

గదిలో మిషన్లు ఆగిపోయాయి. చిన్నకోడలు గబగబా వచ్చి, "అయ్యో, అదేం కాదండీ" అంటూ టేపు తీసుకుని ఆవిడ ముందు నిలబడింది. "మీ మేనేజరు కుర్చీలో నిద్రపోతూ గురక పెట్టాడన్నారే, తరవాత ఏమైంది?" అంది. ఆవిడ చెప్పబోయి నవ్వింది. నవ్వగానే పొట్ట ముందుకు వచ్చింది. అప్పుడు టేపు బిగించి, "ముప్పై ఏడున్నరక్కా" అంది చిన్నకోడలు. "టేపు పట్టగానే ఎవరైనా ఊపిరి బిగబడతారండీ. పొట్ట వెన్నుకు అంటిస్తారు. నవ్వితే గానీ అసలు మనిషి బయటపడదు."

బ్యాంకు మేడంకు ఈ సంగతి తెలిసి ఇంకా నవ్వు వచ్చింది. పెద్దకోడలు కిటికీ వైపు తిరిగి నిలబడి ఉంది. నాకు ఆమె వీపే కనబడుతోంది. ఇన్నేళ్ళూ ఏ నవ్వులు విని కత్తెర ఆపుకుందో, ఏ నవ్వులు వినబడకూడదని చెక్క గోడను ఎంచుకుందో, ఆ నవ్వులన్నీ కొలతలే. వాటి మీదే తను కోసింది. ఇంకొకరైతే సిగ్గుపడేవారు. మా పెద్దకోడలికి సిగ్గు కంటే ముందు కుళ్ళే వచ్చింది. నవ్వించడం కూడా పనేనా, అది కూడా దానికే వచ్చా, నాకు రాదా అని.

"చాల్లే" అంది, కిటికీ వైపు నుంచే. "ఇక్కడ నీ ఇకఇకలు ఇంకో వారం. ఆ తరవాత లోపల గదిలో నవ్వుకుందువు గాని, ఎవరికీ వినబడదు."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. ఈవిడ అడుసు తొక్కి, ఆ కాలు ఎదుటివాళ్ళ మీద దులిపింది.

చిన్నకోడలి ముఖం చూశాను. అప్పుడు పాలిపోయింది. పెద్దకోడలు ఎన్నాళ్ళుగానో చూడాలని తపించిన ముఖం అదే. తీరా వచ్చిన వేళకు ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు.

"ఓహో, గోడ అందుకా" అంది చిన్నకోడలు. బ్యాంకు మేడంను పంపించి, మిగిలిన పూటంతా నోరు మెదపకుండా కొలిచింది. సాయంత్రం వెళ్ళబోతూ చెప్పింది. "రెడీమేడ్ దుకాణం వాళ్ళు ఎప్పటి నుంచో రమ్మంటున్నారక్కా. పొడుగులు తగ్గించడం, లూజులు తియ్యడం. అక్కడికి వెళ్తాను. కొత్త కొట్టులో గది మొత్తం నీకే ఉంటుంది."

పెద్దకోడలు "నీ ఇష్టం" అంది.

ఆ మాట అన్న మనిషి మర్నాడు అన్నం తినలేదు. యూనిఫారాల గుడ్డ తాను తానంతా బల్ల మీదే ఉంది, ఒక్క ముక్క కోయలేదు. బడి పంతులమ్మ వచ్చి చిన్నకోడలు లేదని విని వెనక్కి పోయింది. ఇంకొకావిడ వచ్చి "ఎక్కడికి వెళ్ళిందో చెబుతారా, అక్కడికే వెళతాం" అంది. ఇదంతా ఇష్టమేనా అని నేను అడగలేదు. అడిగితే కత్తెర నా మీదికే వచ్చేది.

సామాను తరలించే ముందు రోజు మళ్ళీ కొత్త కొట్టుకు వెళ్ళాం. పెద్దకోడలు నేల మీద కాగితాలు ఇంకోసారి పరిచింది. నేను మూలన చీపురు పట్టుకున్నాను. అప్పుడు వచ్చింది చిన్నకోడలు. చేతిలో చుట్ట చుట్టిన టేపు ఉంది.

"ఇది అత్తగారు కొట్టుకిచ్చింది. నాకిచ్చింది కాదు. ఇచ్చేసి పోదామని వచ్చాను."

పెద్దకోడలు చెయ్యి చాపలేదు. కాగితం మీద కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది.

"పో. నీకేం తక్కువ" అంది. "ఎక్కడికి పోయినా నీ చుట్టూ చేరతారు. పళ్ళు తెస్తారు, పెళ్ళిళ్ళకు పిలుస్తారు. ఇన్నేళ్ళూ ఈ చేత్తో కోశానే, ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు నన్ను పేరడిగారా? నువ్వు నవ్వితే వాళ్ళకు కొత్త బట్ట వచ్చినట్టు! నిన్ను చూస్తే నాకు మంట. నీ గొంతు వింటే మంట. ఇంటికి వచ్చాక నీళ్ళ దగ్గర నువ్వు కూనిరాగం తీస్తావు చూడు, అది వింటే ఇంకా మంట. చాలా? విన్నావుగా. ఇక పో."

నేను ఊడవడం ఆపాను. వాళ్ళిద్దరూ నేనున్న సంగతే మరిచిపోయారు.

చిన్నకోడలు టేపు చాపిన చెయ్యి దించింది. "నువ్వా?" అంది. "నువ్వు నన్ను చూసి ఏడుస్తున్నావా?"

"మరి నిన్ను కాక ఇంకెవరిని?"

"అక్కా, నీకు మతి పోయిందా?" ఆ పిల్ల గొంతు పైకి లేచింది. నేను ఆ గొంతు అంత పైకి లేవడం ఎప్పుడూ వినలేదు. "పళ్ళంటావేంటి పళ్ళు? తింటాం, తొక్క పారేస్తాం. నేను కొలిచింది ఎవరైనా ఒంటి మీద వేసుకుని తిరుగుతారా? నా అంకె గాల్లోకి పోతుంది. నువ్వు కోసింది వీధుల్లో నడుస్తుంది! ఇంటి నుంచి కొట్టుకు వచ్చేలోపు నాకు ఎన్నిసార్లు ఎదురొస్తావో తెలుసా నువ్వు? ఆ మలుపులో కోటు నీది. బస్సు కోసం నిలబడ్డావిడ గౌను నీది. ఆ పిల్లల యూనిఫారాలు నీవి. నా మొగుడి చొక్కా కూడా నీదే! నువ్వు వీపు తిప్పుకుని నిలబడేదానివి. ఎవరొచ్చారో ఒక్కసారి వెనక్కి తిరిగి చూసేదానివి కాదు. నీకేం, అవసరం లేదు. నోరు నొప్పి పుట్టేట్టు వాగేది నేను. అద్దం ముందు నిలబడి ఎవరైనా 'ఎంత బాగా కుదిరింది' అంటే, నవ్వుతూ 'మా అక్క కోసింది' అని చెప్పేదాన్ని. చెప్పినప్పుడల్లా నాకూ మంటే."

పెద్దకోడలు తలెత్తి ఆమె వైపు చూస్తూ ఉంది.

"అలా అనేవాళ్ళా?" అంది మెల్లగా.

"అనకేం. రోజూ అంటారు."

"నాకు చెప్పలేదే?"

"ఎందుకు చెబుతాను?" అంది చిన్నకోడలు. "చెబితే నువ్వు సంతోషిస్తావు కదా!"

పెద్దకోడలి ముఖం చూడాలి అప్పుడు. ఆమె పెళ్ళయి వచ్చిన నాటి నుంచి చూస్తున్నాను, ఆ ముఖంలో అంత సుఖం ఎన్నడూ చూడలేదు. ఎవరైనా పొగుడుతారు, అందులో సగం అబద్ధం. కుళ్ళులో మాత్రం అబద్ధం ఉండదని ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు?

"మళ్ళీ చెప్పు" అంది.

"ఏంటి?"

"ఆ మలుపులో కోటు సంగతి. అక్కడి నుంచి."

"చెప్పను, నాకు పనుంది" అని చిన్నకోడలు టేపును బల్ల నమూనా మీద పెట్టి వెనక్కి తిరిగింది. గుమ్మం దాకా వెళ్ళింది. ఒక కాలు చెప్పులో పెట్టింది. పెద్దకోడలు చటుక్కున లేచింది. కాగితం చిరిగింది. తప్పయిందని అనడం ఆ నోటికి రాదు, నాకు తెలుసు. బతిమాలడం అసలే రాదు.

"నువ్వు వెళ్ళిపోతే ఎలాగే!" అంది. "నన్ను చూసి ఏడ్చేవాళ్ళు ఇంకెవరున్నారే నాకు!"

చిన్నకోడలు ఒంటికాలి మీద ఆగింది. ఒకసారి తోడికోడలిని చూసింది. రెండు గదుల మధ్య ఉన్న చెక్క గోడను చూసింది.

"అయితే ముందు ఆ గోడ పీకించు" అంది. "అది అడ్డం ఉంటే ఎలా ఏడవను? నువ్వు కనబడొద్దూ?"